బోర్ చేయించాలా, బండి మార్చాలా?

పటాన్‌చెరు దాటి ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి వెంట పోతుంటే ఫ్యాక్టరీ గోడల నడుమ మెకానిక్ షెడ్లు కనిపిస్తాయి. ఒకచోట టింకరింగ్ పని, పక్కనే కమాన్ కట్టల దుకాణం, ఇంకాస్త ముందు లేత్ మిషను, వెనక పాత టైర్ల కుప్ప. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం పారిశ్రామికవాడలకు డ్రమ్ములు, అట్టపెట్టెలు, ఇనుప రాడ్లు మోసే ట్రాలీలు, డీసీఎంలు, షిఫ్టు కార్మికులను దించే పాత వ్యాన్లు ఏదో ఒక రోజు ఈ షెడ్ల ముందు ఆగాల్సిందే.

మెకానిక్ చేసే మొదటి పరీక్షకు పరికరం అక్కర్లేదు. ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తిప్పి తీస్తాడు. రంధ్రం మీద అరచెయ్యి అడ్డం పెడతాడు. లోపలి నుంచి గాలి దెబ్బలు దెబ్బలుగా తన్నుకొచ్చి చేతి మీద నూనె తుంపర పడితే చేతిని గుడ్డకు తుడుచుకుంటూ అంటాడు: “అన్నా, బ్యాక్ కంప్రెషన్ కొడుతుంది. బోర్‌కి వచ్చింది. చేయిస్తవా, అమ్మేస్తవా?”

ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. షోరూంవాళ్లు ఎక్స్చేంజ్ ఆఫర్ చూపిస్తారు. ఫైనాన్స్ కంపెనీ ఏజెంటు కిస్తీ ఎంతో చెబుతాడు. ఇంట్లో పెద్దవాళ్లు ‘కలిసొచ్చిన బండి’ అంటారు. తోటి డ్రైవర్లు, రిపేరు ఖర్చు బండి ధరలో సగం దాటితే వదిలించుకొమ్మంటారు. బండి యజమానికి కావలసింది మాత్రం తన బండికి, తన కిరాయిలకు సరిపడే లెక్క. ఆ లెక్క వెనక దాదాపు వందేళ్ల శాస్త్రం ఉంది. దాన్ని నోటుబుక్కులో ఒక పేజీకి కుదించవచ్చు.

ముందు ఆ అరచేతి మీద తగిలిన గాలి సంగతి చూద్దాం. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు సిలిండర్ గోడకు అతుక్కుని పైనుంచి మండే వాయువును కిందికి జారనివ్వకూడదు. రింగుకూ గోడకూ మధ్య ఉండేది అతి పలుచని నూనె పొర. ఎయిర్ ఫిల్టర్ సరిగా లేకపోతే రోడ్డు దుమ్ములోని ఇసుక రేణువులు ఆ పొరలోకి చేరతాయి. ఇసుక పోత ఇనుముకంటే గట్టిది, అందుకే గోడను గీరుతుంది. గోడ అరిగి గుండ్రదనం పోయాక రింగులు ఎంత కొత్తవి వేసినా సందు మిగిలే ఉంటుంది. వాయువు కిందికి జారి ఆయిల్ చాంబర్‌లో ఒత్తిడి పెంచుతుంది, నూనె పైకి పాకి మండి నీలిరంగు పొగగా బయటికొస్తుంది. లేత్ దగ్గర సిలిండర్‌ను కాస్త పెద్దది చేసి, 0.25 లేదా 0.50 మిల్లీమీటర్లు ఎక్కువ కొలత ఉన్న పిస్టన్ వేస్తారు. లైనర్ ఉన్న ఇంజనైతే లైనరే మారుస్తారు. పని శుభ్రంగా జరిగితే సిలిండర్ వరకు ఇంజన్ మళ్లీ కొత్తదే. ‘సిలిండర్ వరకు’ అన్న మాట మీదే తర్వాతి లెక్కంతా నడుస్తుంది.

పాతబడితే చెడిపోవడం పెరుగుతుందా?

స్వీడన్ ఇంజనీరు వాలోడీ వైబుల్ 1951లో ఒక వ్యాసం ప్రచురించాడు. వస్తువులు ఎప్పుడు తెగుతాయో, ఎప్పుడు విరుగుతాయో చెప్పే గణిత సూత్రం అందులో ఉంది. దాన్ని నిరూపించడానికి అతను తీసుకున్న ఉదాహరణల్లో ఉక్కు బలంతో పాటు మన భారతీయ పత్తి పోగు బలం కూడా ఉంది. ఆ సూత్రంలో ఒకే ఒక్క సంఖ్య వస్తువు స్వభావాన్ని చెప్పేస్తుంది. అది ఒకటికంటే తక్కువైతే వస్తువు కొత్తలోనే ఎక్కువ చెడుతుంది. ఒకటైతే ఎప్పుడైనా ఒకే రేటున చెడుతుంది, అంటే వయసుతో సంబంధం లేదు. ఒకటి దాటితే అరుగుదల మొదలైనట్టే, రోజులు గడిచేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఈ మూడు దశలనూ పక్కపక్కన గీస్తే మొదట్లో ఎత్తుగా, మధ్యలో చదునుగా, చివర్లో మళ్లీ ఎత్తుగా స్నానాల తొట్టి ఆకారం వస్తుంది. ఇంజనీర్లు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు.

చాలామంది బండి మొత్తానికీ ఒకే తొట్టి గీసుకుంటారు. పదేళ్లు దాటింది, ఇక వరసగా అన్నీ పోతాయి అనుకుంటారు. 1960లో డ్రెనిక్ అనే గణితవేత్త దీనికి భిన్నమైన ఫలితాన్ని నిరూపించాడు. ఒక యంత్రంలో ఎన్నో భాగాలుండి, ఒకదానితో మరొకదానికి సంబంధం లేకుండా అరుగుతూ, చెడినదాన్ని చెడినట్టే మారుస్తూ పోతే, కాలం గడిచాక ఆ యంత్రం మొత్తంగా చెడిపోయే రేటు దాదాపు స్థిరపడుతుంది. ప్రతి భాగానికీ అరుగుదల ఉన్నా సరే. ఎందుకంటే అప్పటికి ఆ బండిలో అన్ని వయసుల భాగాలూ కలిసి ఉంటాయి: నిరుడు వేసిన క్లచ్ ప్లేటు, మూడేళ్ల కిందటి రేడియేటర్, మొన్నటి జాయింట్ క్రాస్. అన్నీ ఒకేసారి ముసలివి కావు.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. చక్కగా చూసుకున్న పన్నెండేళ్ల బండి ఏటికేడు మరింత ఘోరంగా మారాలని నియమం లేదు. రెండోది ఎక్కువమంది దృష్టికి రాదు. ఆరేడేళ్ల వరకు దేన్నీ ముట్టుకోకుండా నడిపిన బండికి అన్ని భాగాలూ ఒకే వయసువి కాబట్టి ఖర్చులు గుంపుగా వచ్చి పడతాయి. టైర్లు, బ్యాటరీ, క్లచ్, సస్పెన్షన్ ఒకే ఏడాదిలో అడుగుతాయి. ఆ ఏడాదే యజమాని విసిగిపోయి అమ్మేస్తాడు. ఆ ఖర్చులు పెట్టాక రాబోయే ప్రశాంతమైన సంవత్సరాలను కొన్నవాడు అనుభవిస్తాడు. సెకండ్ హ్యాండ్ బండ్ల వ్యాపారులు చాలామంది ఈ మలుపు మీదే బతుకుతారని నా నమ్మకం.

అరుగుదల వేగం మన చేతిలో ఉందని చెప్పడానికి బేరింగు చాలు. బాల్ బేరింగు ఆయుష్షు దాని మీద పడే బరువుకు ఘనంలో తగ్గుతుందని లెక్క. ఎప్పుడూ వేసే లోడు మీద పావు వంతు అదనంగా వేస్తే బేరింగు ఆయుష్షు నాలుగో వంతు కాదు, దాదాపు సగం పడిపోతుంది. కమాన్ కట్టల్లో పగుళ్లు పుట్టే తీరూ ఇంచుమించు ఇలాంటిదే. బరువు కొద్దిగా పెరిగితే ఆయుష్షు చాలా ఎక్కువగా తరుగుతుంది. ఒక ట్రిప్పు కలిసొస్తుందని రెండు డ్రమ్ములు ఎక్కువ ఎక్కించినవాళ్లు ఆ ట్రిప్పు డబ్బును కమాన్ దుకాణంలో కట్టేస్తున్నారు.

మార్చగలిగినవి, మార్చలేనివి

డ్రెనిక్ ఫలితానికి ఒక షరతుంది: చెడినదాన్ని మార్చగలగాలి. బండిలో ఇంజన్, గేర్‌బాక్స్, ఇరుసులు, తలుపులు, సీట్లు అన్నీ మార్చవచ్చు. చాసిస్‌ను మార్చడం అంటే ఆచరణలో బండినే మార్చడం. ఇప్పటి కార్లకు విడిగా చాసిస్ కూడా ఉండదు, బాడీయే అస్థిపంజరం. అందుకే పాత బండి విషయంలో ఇంజన్ శబ్దంకంటే ముందు కింద పడుకుని చూడాల్సింది తుప్పును.

తడి, ఆక్సిజన్ ఉంటే ఇనుముకు తుప్పు పడుతుంది. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్, క్లోరైడ్ల వంటివి ఉంటే ఆ తడి ఆమ్లంగా, లవణంగా మారి పని వేగం చేస్తుంది. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లోనే తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. రసాయనాల డ్రమ్ములు మోసే ట్రాలీల్లో కారిన చుక్కలు ఫ్లోర్ రేకు సందుల్లోంచి చాసిస్ మీదికి దిగుతాయి. పైన పెయింట్ బాగానే ఉంటుంది. తుప్పు అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రేకుల మధ్య ఉబ్బి పొరలు పొరలుగా లేస్తుంది. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడాలి. పొర మాత్రమే రాలి లోపల గట్టిగా తగిలితే గీకించి రంగు వేయించవచ్చు. కమాన్లు బిగించే చోట, స్టీరింగ్ బాక్సు బిగించే చోట మొన లోపలికి దిగిందంటే ఆ బండికి బోర్ చేయించకూడదు. అక్కడ ప్యాచీ వెల్డింగ్ చేయించి పైన యాభై అరవై వేలు ఇంజన్‌కి పెట్టడం తప్పు నిర్ణయమని నేను గట్టిగా చెబుతాను.

గట్టి అస్థిపంజరాన్ని నిలుపుకుని మిగతాది మార్చడం ఎంత పెద్ద ఎత్తున జరుగుతుందో మన సంగారెడ్డి జిల్లాలోనే చూడవచ్చు. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారం 1980ల నుంచి సైన్యానికి సారథ్ అనే బీఎంపీ-2 పోరాట వాహనాలు తయారుచేస్తోంది. ఆ కర్మాగారం ఇప్పుడు ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ సంస్థలో భాగం. 2024 ఫిబ్రవరిలో రక్షణ శాఖ ఆ సంస్థతో 693 బీఎంపీ-2 వాహనాల ఆయుధ వ్యవస్థను ఆధునికీకరించే ఒప్పందం చేసుకుంది. రాత్రిపూట చూడగల గురి పరికరాలు, లక్ష్యాన్ని తనంతట తానే వెంబడించే కాల్పుల నియంత్రణ వ్యవస్థ కొత్తవి వస్తాయి. వాహనం పాతదే.

ఆర్టీసీ ఇంకో దారి చూపిస్తుంది. ఎక్స్‌ప్రెస్‌గా కొన్నేళ్లు తిరిగిన బస్సును పల్లెవెలుగుగానో సిటీ ఆర్డినరీగానో మారుస్తారు. రోజుకు వందల కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తే పనికి ఆ బస్సు మీద నమ్మకం తగ్గవచ్చు గానీ, డిపోకు దగ్గరలో తిరిగే పనికి అది చాలు. అమ్మడానికీ ఉంచుకోవడానికీ మధ్య ఇలాంటి మూడో దారి ఉందని సొంత బండ్లవాళ్లకు ఎవరూ చెప్పరు. నాగపూర్, షోలాపూర్ కిరాయిలకు నడిపిన డీసీఎంను ఇస్నాపూర్ నుంచి పాశమైలారం మధ్య తిరిగే పనికి దించితే, అది దారిలో ఆగినా షెడ్డు ఐదు కిలోమీటర్ల లోపే ఉంటుంది.

రిపేరు హద్దు

ఇక అసలు లెక్క. 1967లో డ్రింక్‌వాటర్, హేస్టింగ్స్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు సైనిక వాహనాల మీద ఒక పద్ధతి తయారుచేశారు. ఫలానా వయసు రాగానే బండిని తీసేయాలి అనే నియమాన్ని వాళ్లు పక్కనపెట్టారు. బండి షెడ్డుకు వచ్చిన ప్రతిసారీ ముందు ఖర్చు అంచనా వేయాలి. ఆ వయసు బండికి ముందే నిర్ణయించిన హద్దుకంటే అది తక్కువైతే చేయించాలి, ఎక్కువైతే బండిని వదిలేయాలి. దాన్నే రిపేరు హద్దు అన్నారు. అంటే నిర్ణయం ఒక్కసారి తీసుకునేది కాదు, ప్రతి రిపేరుకూ తీసుకునేది.

ఆ హద్దు ఎలా తెలుస్తుంది? మామూలుగా చెప్పే ‘బండి ధరలో సగం’ నియమంలో లోపం ఇక్కడే ఉంది. రిపేరు ఖర్చును పాత బండి అమ్మకం ధరతో పోల్చి లాభం లేదు, ఎందుకంటే పాత బండిని అమ్మి ఊరుకోలేం, దాని చోటులో ఇంకొకటి రావాలి. పోల్చాల్సింది రెండు దారుల్లో రాబోయే ఏడాది ఖర్చులను. ఇప్పటిదాకా పెట్టింది రెండు దారుల్లోనూ తిరిగిరాదు కాబట్టి దాన్ని లెక్కలోకే తీసుకోకూడదు. ‘మొన్ననే నలభై వేలు పెట్టాను’ అన్న మాట చేయించడానికీ కారణం కాదు, అమ్మడానికీ కారణం కాదు. ఆ నలభై వేలతో వేసిన కొత్త భాగం ఇకముందు ఇంకెన్నాళ్లు నడుస్తుందన్నదే లెక్కకొస్తుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. పన్నెండేళ్ల చిన్న డీజిల్ ట్రాలీ. అంకెలు మీ బండికి తగ్గట్టు మార్చుకోండి. ఇప్పుడు అమ్మితే 1,30,000 వస్తుంది. కొత్తది రోడ్డు మీదికి వచ్చేసరికి 6,50,000. పాతది ఇచ్చేసి మిగతా 5,20,000 అప్పు తీసుకుంటే, 11 శాతం వడ్డీకి ఐదేళ్లలో నెలకు సుమారు 11,300 కిస్తీ. మొత్తం వడ్డీ 1,58,000 దాకా అవుతుంది. ఆరేళ్ల తర్వాత ఆ బండిని 2,50,000కి అమ్మగలిగితే ఏడాదికి తరుగు 67,000, వడ్డీ వాటా 26,000. సర్వీసింగుకు 20,000, కొత్త బండికి తీసుకునే పూర్తి ఇన్సూరెన్స్ అదనం 15,000 కలిపితే ఏడాదికి 1,28,000.

పాతదానికి బోర్, క్లచ్ కలిపి 70,000 అడిగారనుకుందాం. ఇంకో రెండేళ్లు నడుస్తుంది. అంటే ఏడాదికి 35,000. అమ్మకం ధరలో తరుగు ఏడాదికి 20,000. మామూలు రిపేర్లు 40,000. రోజుకు 60 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 18,000 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 20కి బదులు 16 మాత్రమే ఇస్తున్నందుకు 225 లీటర్లు అదనం, సుమారు 21,500. ఇదంతా 1,16,500. ఇక్కడిదాకా పాతదే నయం. ఇప్పుడు బండి షెడ్డులో ఉన్న రోజులు కలపాలి. రోజు కిరాయిలో మిగులు 1,200 అనుకుంటే, కొత్తదానికంటే ఐదు రోజులు ఎక్కువ ఆగితే 6,000. మొత్తం 1,22,500, పాతదే గెలుస్తుంది. ఇరవై రోజులు ఆగితే 24,000 చేరి 1,40,500 అవుతుంది, కొత్తది గెలుస్తుంది. రెండూ సమానమయ్యేది తొమ్మిది పది రోజుల దగ్గర.

అదే అంకెల నుంచి హద్దు కూడా తీయవచ్చు. ఏడాదికి ఐదు రోజులే ఆగే బండికి ఈరోజు 81,000 దాకా రిపేరు పెట్టినా నష్టం లేదు. ఇరవై రోజులు ఆగే బండికి హద్దు 45,000కే వచ్చేస్తుంది. బండి అదే, వయసు అదే. తేడా తెచ్చింది ఆగిన రోజులే. స్పేర్ పార్టుల బిల్లులు జాగ్రత్తగా దాచుకునేవాళ్లు కూడా ఆగిన రోజులను ఎక్కడా రాసుకోరు. ఫ్యాక్టరీతో నెలవారీ ఒప్పందం ఉన్నవాళ్లకు ఈ లెక్క ఇంకా కఠినం, వరసగా రెండుసార్లు బండి పంపలేకపోతే ఒప్పందమే వేరేవాళ్లకు పోవచ్చు. సొంతానికి వాడే కారుకు ఈ ఖర్చు దాదాపు సున్నా. ఆటోనో బస్సో ఎక్కి పనికి పోవచ్చు. అందుకే ఒకే వయసున్న కారుకూ ట్రాలీకీ ఒకే సలహా ఇవ్వడం కుదరదు.

ఇలాంటి లెక్కలు చదువుకున్నవాళ్ల పని అనుకోనక్కర్లేదు. అమెరికాలోని మాడిసన్ నగర బస్సు సంస్థలో హెరాల్డ్ జుర్చర్ అనే నిర్వహణ పర్యవేక్షకుడు బస్సు ఇంజన్లు ఎప్పుడు మార్చాలో తన అనుభవంతో నిర్ణయించేవాడు. జాన్ రస్ట్ అనే ఆర్థికవేత్త ఆయన రికార్డులు తీసుకుని 1987లో పరిశీలించాడు. ఇప్పటి ఖర్చునూ రాబోయే కాలంలో చెడిపోయే ప్రమాదాన్నీ కలిపి తూచే కఠినమైన గణిత నమూనాకు జుర్చర్ నిర్ణయాలు చక్కగా ఇమిడాయి. ఇస్నాపూర్ షెడ్లలో ముప్పై ఏళ్లుగా చేతులు నలుపు చేసుకున్న మెకానిక్కులు చెప్పే మాటకు అలాంటి విలువే ఉంది. వాళ్లకు లేనిది ఒక్కటే, బండి పాత రికార్డు. అది మనం ఇవ్వాలి.

ఎక్స్చేంజ్‌లో ధర ఎందుకు తక్కువ?

బండిని బాగా చూసుకున్నవాళ్లకు షోరూంలో ధర వింటే మనసు కష్టపడుతుంది. దీనికి కారణాన్ని ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల సంతనే ఉదాహరణగా తీసుకుని వివరించాడు, 2001లో నోబెల్ అందుకున్నాడు. బండి మంచిదో కాదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కాబట్టి కొనేవాడు సగటు ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి బండ్లవాళ్లు అమ్మరు, చెడ్డ బండ్లవాళ్లు అమ్ముతారు. దాంతో సంతలో సగటు ఇంకా పడుతుంది, ధర ఇంకా తగ్గుతుంది.

మన లెక్కకు దీని అర్థం ఏమిటంటే, క్రమం తప్పకుండా ఆయిల్ మార్చిన బండికి దాని అసలు విలువ సంతలో దొరకదు, నడుపుకుంటేనే దొరుకుతుంది. మంచి బండి ఉన్నవాళ్లు ఉంచుకోవడానికి ఇది బలమైన కారణం. అమ్మక తప్పకపోతే బిల్లులు, సర్వీసు పుస్తకం చూపించి తెలిసినవాళ్లకు అమ్మితే ఎక్స్చేంజ్‌కంటే ఎక్కువ వస్తుంది. ఇక్కడ ఇన్సూరెన్స్‌వాళ్ల తరుగు పట్టిక కూడా గుర్తుంచుకోవాలి. కొత్త బండి మొదటి ఏడాది చివరికి 15 శాతం, మూడేళ్లకు 30 శాతం, ఐదేళ్లకు 50 శాతం విలువ కోల్పోయినట్టు లెక్కకడతారు. తరుగులో పెద్ద ముక్కను మొదటి యజమానే మోస్తాడు. కారైతే జీవితకాల పన్ను పేరుతో ధరలో పదో వంతుకు పైగా మొదటి రోజే చెల్లిస్తాడు. మూడు నాలుగేళ్ల బండి కొనేవాడు ఈ రెండింటినీ చాలావరకు తప్పించుకుంటాడు. రిపేరా, కొత్తదా అన్న ప్రశ్నకు చాలా ఇళ్లల్లో సరైన జవాబు నాలుగేళ్ల బండే కావచ్చు.

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లు, 350 సీసీ లోపు బైకులు, మూడు చక్రాల బండ్లు, సరుకు వాహనాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. కొత్తదాని ధర తగ్గింది కాబట్టి పై లెక్కలో దాని తరుగు, వడ్డీ తగ్గుతాయి. పాతదాని అమ్మకం ధర కూడా దానితో పాటే దిగుతుంది. లెక్క మళ్లీ వేయాలి, అంతే.

పదిహేనేళ్లు దాటితే తుక్కేనా?

ఈ భయంతో బండ్లు అయినకాడికి అమ్ముకున్నవాళ్లున్నారు. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ బండ్ల నిషేధం వచ్చింది ఢిల్లీ పరిసరాల్లో, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా అక్కడి సంగతే. తెలంగాణలో ప్రైవేటు బండికి పదిహేనేళ్లు నిండాక ఆర్సీ రెన్యువల్ చేయించుకుంటే ఇంకో ఐదేళ్లు నడపవచ్చు. ఏపీ 23 నంబరు ప్లేట్లతో ఉమ్మడి మెదక్ జిల్లా కాలం నాటి బండ్లు ఇప్పటికీ టీఎస్ 15, టీజీ 15 బండ్ల పక్కన తిరుగుతున్నాయి. ఖర్చు మాత్రం పెరిగింది. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000కు, బైకుది 300 నుంచి 1,000కి పెంచారు. సరుకు వాహనాలకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష, అంటే ఎఫ్‌సీ తప్పదు. పదిహేనేళ్లు దాటిన లారీల ఎఫ్‌సీ ఫీజు కూడా వేలల్లోకి వెళ్లింది. ఈ ఫీజులనూ ఎఫ్‌సీకి ముందు చేయించే పనులనూ పాత బండి ఖాతాలో రాయాలి. 2021 ఆగస్టులో మొదలైన కేంద్ర తుక్కు విధానం ప్రకారం గుర్తింపు పొందిన కేంద్రంలో బండి ఇస్తే వచ్చే ధ్రువపత్రంతో కొత్త బండి రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ, పన్నులో రాయితీ దొరుకుతాయి. దాన్ని కొత్తదాని ఖాతాలో తగ్గించుకోవాలి.

లెక్కకు దొరకని రెండు సంగతులున్నాయి.

ఒకటి పొగ. పర్యావరణం కోసం కొత్త బండి కొనండి అన్న మాట సగమే నిజం. ఒక మధ్యతరహా కారు తయారీలోనే 5 నుంచి 10 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని లెక్కిస్తారు. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగే కారు మైలేజీ 15 నుంచి 20కి పెరిగితే ఆదా అయ్యే పెట్రోల్ 167 లీటర్లు, అంటే సుమారు 380 కిలోల కార్బన్ డయాక్సైడ్. తయారీలో వచ్చినది 6 టన్నులే అనుకున్నా అది తీరడానికి పదిహేనేళ్లు దాటుతుంది. తక్కువ తిరిగే కారును బాగుచేయించుకుని నడపడమే వాతావరణానికి మేలు. ఊపిరితిత్తుల లెక్క వేరు. బీఎస్-3 డీజిల్ కారుకు అనుమతించిన మసి కణాలు కిలోమీటరుకు 0.05 గ్రాములు, 2020 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన బీఎస్-6లో 0.0045 గ్రాములు. పదకొండో వంతు. ఇప్పటికే గాలి బరువెక్కిన ఈ ప్రాంతంలో రోజంతా తిరిగే నల్లపొగ డీజిల్ బండి, యజమానికి ఎంత లాభంగా ఉన్నా, రోడ్డు పక్కన బడికి నడిచే పిల్లలకు నష్టం. ఇంజెక్టర్లు, ఫిల్టర్లు, బోర్ సరిచేసినా పొగ తగ్గకపోతే ఆ బండిని తీసేయాలనే నేనంటాను.

ఇంకొకటి ప్రాణం. బ్రేకులు, స్టీరింగ్, టైర్ల రిపేరుకు హద్దు ఉండదు. బండిని రోడ్డు మీద ఉంచాలనుకుంటే అవి చేయించాల్సిందే, చేయించలేకపోతే బండిని ఆపాల్సిందే. కొన్ని రక్షణలను ఎంత డబ్బు పెట్టినా పాత బండికి తేలేం. కార్లలో ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు 2022 జనవరి నుంచే పూర్తిగా తప్పనిసరయ్యాయి, 125 సీసీ దాటిన బైకులకు ఏబీఎస్ 2019 నుంచి. కుటుంబంతో తరచూ ముంబై హైవే మీద ప్రయాణించేవాళ్లకు పదిహేనేళ్ల కారు రిపేరులో మిగిలే డబ్బుకంటే ఇది ముఖ్యం.

కొత్త బండి కొనేవాళ్లు ఒకటి తెలుసుకుని కొనాలి. బీఎస్-6 డీజిల్ బండికి మసి వడపోత, సెన్సర్లు ఉంటాయి. చిన్న చిన్న దూరాలు, ఆగి ఆగి నడిపే పనిలో ఆ వడపోత తగినంత వేడెక్కక మూసుకుపోతుంది. అరచేతి పరీక్షతో దాని రోగం తెలియదు, స్కానర్ కావాలి. పాశమైలారం గేట్ల మధ్య రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగే పనికి డీజిలే కావాలా అని కూడా ఆలోచించాలి. విద్యుత్ వాహనాలకు తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది.

ఈరోజే ఒక నోటుబుక్కు బండిలో పెట్టండి. తేదీ, మీటరు రీడింగు, పోసిన డీజిల్ లేదా పెట్రోల్, చేయించిన పని, పెట్టిన డబ్బు, బండి ఆగిన రోజులు, ఈ ఆరూ రాయండి. ఏడాది తర్వాత మెకానిక్ ‘చేయిస్తవా, అమ్మేస్తవా’ అని అడిగినప్పుడు మీ హద్దు ఎంతో మీకే తెలుస్తుంది. అమ్మాలని తేలితే డబ్బు చేతికి రాగానే వదిలేయకండి. పద్నాలుగు రోజుల్లోగా అమ్మకం సంగతి రవాణా శాఖకు తెలిపి, ఆర్సీ కొన్నవాళ్ల పేరు మీదికి మారిందో లేదో చూసుకోండి. తుక్కుకిస్తే ఆర్సీ రద్దు చేయించండి. రికార్డులో పేరు ఎవరిదుంటే ప్రమాదానికి పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీ పేరుతో ఉన్నంతకాలం, ఎవరు నడిపినా ఆ బండికి యజమాని మీరే.